మూడు పడవల ఫోటో

"చేపల సంచీతో పైకి పంపేది లేదు" అన్నాడు వాచ్‌మన్. "పైన ఏసీ ఉంది. కంపు పట్టుకుంటే వారం వదలదు."

"కంపంటావేంటయ్యా! తెల్లారి రేవులో దిగిన చేప ఇది. మీ పియూరా ఊళ్లో ఇలాంటిది కళ్లతోనన్నా చూశావా ఎప్పుడైనా?"

మెట్ల మలుపులోనే నెలిదా చుంగాకి ఆ గొంతు తెలిసిపోయింది. గబగబా దిగింది. కింద సెవెరో బాబాయ్ ఒక చేత్తో తడి సంచీ, ఇంకో చేత్తో మడతలు పడిన కాగితం పట్టుకుని వాచ్‌మన్ మీదికి ఒంగి ఉన్నాడు. ఆమె పిన్ని సొరాయిదా భర్త అతను. పైతా రేవులో 'సాన్ హసింతో' అనే పడవకి యజమాని. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడంటే సంగతి చిన్నది కాదు.

"ఫోనన్నా చెయ్యలేదేంటి బాబాయ్?"

"ఫోన్లో చెప్పేది కాదు. ముందు చేప పట్టుకో. ఈయన ముక్కు మహా సుకుమారం."

ఎదురుగా ఉన్న జ్యూసుల దుకాణంలోకి తీసుకెళ్లింది. అతను కూర్చోలేదు. కాగితం బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. బూడిదరంగు చదరం, దాని మధ్యలో తెల్లటి మచ్చ. కింద అచ్చులో: పెద్ద చేపల ఓడ, విదేశీ, గుర్తింపు సంకేతం లేదు. ఎర్రగీత ఒకటి మెలికలు తిరుగుతూ వచ్చి ఆ మచ్చ దగ్గర ముడిపడిపోయింది. ఆ గీత సాన్ హసింతోది. పడవకి బిగించిన ఉపగ్రహ పెట్టె గీసిన దారి.

"నడిసముద్రంలో పరాయి ఓడకి సరుకెక్కించానంట. శుక్రవారం విచారణ. అప్పటిదాకా రేవు దాటటానికి లేదు. నేరం గనక తేలిందా, రెండేళ్లు లైసెన్సు రద్దు. రెండేళ్లు పడవ ఒడ్డున పెడితే అది పడవ కాదమ్మాయ్, పొయ్యిలోకి కట్టెలు."

"ఎక్కించావా?"

"నువ్వు కూడానా?" సెవెరో ఆమె వంక చూడకుండా కాగితం మీద వేలు పెట్టాడు. "ఇది నేనూ, ఫియెస్తాస్ అన్నదమ్ములూ. మూడు పడవలూ పక్కపక్కన కట్టేసుకున్నాం. సముద్రం నూనె పోసినట్టుంది. గాలి లేదు, గాలానికి పోతా స్క్విడ్డు ఒక్కటీ లేదు. వండుకు తిన్నాం, పడుకున్నాం. ఆళ్లిద్దరి పడవలూ చిన్నవి, ఆటికి పెట్టెలు లేవు. గీత పడింది నాదొక్కటే. మూడు చెక్క పడవల్ని చూసి ఒక ఇనుప ఓడ అన్నాడు ఎవడో గుడ్డి వెధవ."

కాగితం మూలన చిన్న అక్షరాలు, అంకెలు కలిపిన గుర్తు ఒకటుంది. అలాంటి గుర్తులు నెలిదా రోజూ చూస్తుంది. ఆ గుడ్డి వెధవ కూర్చునే గది ఈ మేడ మీదే ఉంది.

"ఆ నంబరు రాసుకుంటాను" అంది.

పైకెళ్లి తన కుర్చీలో కూర్చుంది. గదిలో ఎనిమిది తెరలు. ఉపగ్రహం రాడార్ కళ్లతో తీసిన సముద్రం ముక్కలు ముక్కలుగా వచ్చి ఆ తెరల మీద పడుతుంది. ఒక్కో ముక్కలో ఒక మచ్చ ఉంటుంది. అది ఏమిటో చెప్పాలి. చమురు ఓడ, సరుకు ఓడ, పెద్ద చేపల ఓడ, చిన్న పడవ, అసలు ఓడే కాదు. ఐదు మీటలు. ఇనుము రాడార్‌ని మొహం మీదికి తిప్పికొడుతుంది, అందుకని ఇనుప ఓడ దీపంలా వెలిగి నాలుగు వైపులా చేతులు చాస్తుంది. చెక్క మింగేస్తుంది. చెక్క పడవ పాలమరకలా కనపడీ కనపడనట్టు ఉంటుంది. ఒకే ముక్కని ముగ్గురు విడివిడిగా చూస్తారు. ఇద్దరి మాట కలిస్తే అదే చివరి మాట. ఆ మాటలన్నీ పోగై యంత్రానికి పాఠాలవుతాయి. రేపు యంత్రం మనుషులతో పని లేకుండా తానే చెప్పేస్తుందని యాజమాన్యం ఆశ.

ఆ నంబరు కొట్టింది. ఫోటో తెరుచుకోలేదు. 'ముగిసింది' అని వచ్చింది. కింద ముగ్గురి జవాబులు మాత్రం కనిపించాయి. పెద్ద చేపల ఓడ. పెద్ద చేపల ఓడ. చిన్న పడవ.

మూడో జవాబు పక్కన తన పేరే ఉంది.

ఎప్పుడు నొక్కిందో, ఎందుకు నొక్కిందో గుర్తు లేదు. రోజుకి కొన్ని వందలు చూస్తుంది. కానీ నొక్కింది. తన కన్ను సరిగ్గా చూసింది, మిగతా ఇద్దరూ కలిసి ఆ కన్ను మూసేశారు. నెలిదాకి చెవులు వేడెక్కాయి.

* * *

గదికి పెద్ద అర్రెసే. రాజధాని లీమా నుంచి వచ్చిన ఇంజనీరు. చెడ్డవాడేం కాదు. పియూరా ఎండకి అతని మెడ ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది, పని ఎప్పుడూ ఒకరోజు వెనక ఉండేది.

"ముగిసిన ఫోటో తెరవడం కుదరదు నెలిదా. నీకు తెలుసు."

"తప్పు పడితే కూడా కుదరదా సార్?"

"తప్పని ఎవరన్నారు?"

"నేను. అప్పుడే అన్నాను. చిన్న పడవ అని నొక్కాను."

"ఒక్కదానివే నొక్కావు." అర్రెసే తెర ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో, యంత్రాన్ని కూడా అడిగాను. తొంభైమూడు శాతం పెద్ద ఓడ అంటోంది."

"యంత్రానికి ఆ ఫోటో చూపించి, ఇది పెద్ద ఓడ అని నేర్పింది మనమే కదా! మనం చెప్పిందే అది మనకి తిరిగి అప్పజెపుతోంది. చిలకని సాక్ష్యానికి పిలిచినట్టుంది."

పక్క తెర దగ్గర ఫ్రెసియా కిసుక్కున నవ్వింది. అర్రెసే నవ్వలేదు.

"ఎవరిదా పడవ?"

"పైతాలో తెలిసినవాళ్లది."

"పైతాలో నీకు తెలియనివాళ్లెవరు?" అతను కళ్లజోడు తీసి ముక్కు నొక్కుకున్నాడు. "చూడు. మత్స్యశాఖ వాళ్లు మన జవాబు తీసుకున్నారు. వెనక్కి తీసుకోవాలంటే లీమా హెడ్డాఫీసుకి నేను కారణం చూపించాలి. మా అమ్మాయికి అలా అనిపిస్తోందంటే ఒప్పుకోరు. మూడు చెక్క పడవలు పక్కపక్కన కట్టేస్తే ఒకే పెద్ద ఓడలా కనిపిస్తాయని అంటున్నావు. అలాంటి ఫోటో ఇంకొకటి తే. నిజంగా మూడు పడవలేనని మనకి తెలిసిన ఫోటో. యంత్రం దాన్ని కూడా పెద్ద ఓడ అంటే, అప్పుడు నీ వెనక నేను నిలబడతాను."

"ఎక్కడి నుంచి తెమ్మంటారు?"

"అది నీ సమస్య."

నెలిదా కుర్చీకి తిరిగొచ్చి ధడాలున కూలబడింది. ఫ్రెసియా చక్రాల కుర్చీని జరుపుకుంటూ వచ్చింది. ఆమె ఒడిలో ఎప్పుడూ ఉప్పు అరటి చిప్సు ఉంటాయి.

"ఏమన్నాడే?"

"సముద్రాన్ని దోసిట్లో పట్టుకొచ్చి చూపించమన్నాడు."

"పట్టుకురా మరి. బుధవారం సాయంత్రం ఉపగ్రహం పైతా మీదుగానే పోతుంది. పట్టికలో చూశాను." ఒక చిప్పు నోట్లో వేసుకుని కరకరమనిపించింది. "ముగ్గురు మొగుళ్లని కట్టేయడం కంటే మూడు పడవల్ని కట్టేయడం తేలికేలే."

 నెలిదా సెవెరోకి చెయ్యడానికి ఫోన్ తీసింది.

* * *

బుధవారం సగం పూట సెలవు పెట్టి పైతా చేరేసరికి రేవు చివర జనం పోగై ఉన్నారు. పని లేనివాళ్లకి ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదు. కొంగలు కూడా ఆ పక్కకే చేరాయి.

"ఉపగ్రహానికి ఫోటో దిగుతారంట! తల దువ్వుకోండర్రా!"

"ఓయ్ తెయోఫిలో, ఓడ సైజు సరిపోకపోతే చెప్పు. మా అత్తగారిని కూడా ఎక్కిస్తా."

"ఎక్కించకు బాబూ, అప్పుడు చమురు ఓడంటారు."

ఫియెస్తాస్ అన్నదమ్ముల్లో పెద్దవాడు తెయోఫిలో.  తాడు చుట్ట భుజాన వేసుకుని తన పడవలోకి దిగాడు. సెవెరోకి రేవు దాటే అనుమతి లేదు కానీ, లంగరు చోటు మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూడు పడవలూ మెల్లగా అఖాతం మధ్యకి కదిలాయి. నెలిదా సాన్ హసింతో మీద నిలబడింది. కాళ్ల కింద ఇంజను ఆగింది. నీళ్ల చప్పుడు మిగిలింది.

"ఇక కట్టండి. అక్కడ ఎలా కట్టారో అచ్చం అలాగే."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ ముక్కు అటు తిప్పు" అన్నాడు తెయోఫిలో.

"నా ముక్కు ఎందుకు తిప్పాలి? నువ్వే ఇటు రా."

"ఇటొస్తే అల తగిలి పక్కబల్లలు పగులుతాయిరా. టైర్లేవి? రెండే ఉన్నాయేంటి?"

"రెండే ఉన్నాయి మరి. నువ్వు తేలేదా?"

పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. చెక్క మూలిగింది. ఎవరో బూతు తిట్టారు. సెవెరో తన పడవ పక్కన వేలాడుతున్న టైర్లలో రెండు విప్పి అవతలికి విసిరాడు. తాళ్లు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఏటవాలుగా బిగించారు. ఒకసారి తప్పు కట్టి విప్పి మళ్లీ కట్టారు. చెమటలు కక్కుతున్నారు.

"ఎప్పుడూ కట్టుకునేవాళ్లేగా మీరు?" అంది నెలిదా.

"సముద్రంలో వేరమ్మాయ్, రేవులో వేరు" అన్నాడు సెవెరో. తాడు ముడి మీంచి కళ్లు ఎత్తలేదు.

అంతా కుదిరాక సొరాయిదా పిన్ని పంపిన గిన్నె విప్పారు. నిమ్మరసంలో నానిన చేప, ఉడికించిన చిలగడదుంప. తింటున్నంతసేపూ మెడలెత్తి ఆకాశం వంక చూస్తూనే ఉన్నారు. సూర్యుడు నీళ్లలోకి దిగే వేళ నెలిదా చెయ్యెత్తింది. అందరూ నమలడం ఆపేశారు.

"ఏదీ? కనపడదే?" తెయోఫిలో తమ్ముడు గుసగుసగా అడిగాడు.

"ఏడొందల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. కనపడదు."

"మరి గుసగుసలెందుకురా? దానికి వినపడుతుందా ఏంటి?" తెయోఫిలో తమ్ముడి నెత్తి మీద ఒకటిచ్చాడు. పడవ ఎక్కినప్పటి నుంచి మొదటి నవ్వు అదే. సెవెరో మాత్రం నవ్వలేదు. గిన్నెలో మిగిలిన నిమ్మరసం వంక చూస్తూ కూర్చున్నాడు.

* * *

గురువారం పదింటికి ఫోటో వచ్చింది. అర్రెసే తన చేత్తోనే పైతా అఖాతాన్ని కత్తిరించి యంత్రానికి ఇచ్చాడు. ఎనిమిది మందీ అతని కుర్చీ వెనక చేరారు.

యంత్రం ఒక్క క్షణం ఆగింది. 'పెద్ద చేపల ఓడ. ఎనభైఎనిమిది శాతం.'

"చచ్చింది గొర్రె!" అని అరిచింది ఫ్రెసియా. నెలిదా వీపు మీద గట్టిగా చరిచింది. "మొగుళ్లు దొరికారే!"

అర్రెసే మెడ వెనక గోక్కున్నాడు. తెర దగ్గరికి మొహం పెట్టి మళ్లీ చదివాడు. "నేనే నమ్మలేకపోతున్నాను" అన్నాడు చివరికి. "అన్నమాట నిలబెట్టుకుంటాను. లీమాకి ఇప్పుడే రాస్తాను. నెలిదా, పాత ఫోటో కూడా తెరుస్తున్నాను, రెండూ పక్కపక్కన పెట్టి జతచెయ్యి. రేపు విచారణకి నువ్వే వెళ్లాలి. చూసినదానివి నువ్వే కాబట్టి నిన్నే అడుగుతారు."

ఇన్నాళ్లకి ఆమె మాట ఒకరు విన్నారు. నెలిదా తన తెర ముందు కూర్చుని రెండు ఫోటోలూ తెరిచింది. ఎడమ పక్క పాతది. కుడి పక్క నిన్నటిది.

నిన్నటి మచ్చ పెద్దదే. వెడల్పుగా, బొద్దుగా ఉంది. యంత్రం దాని కొలత చూసి మోసపోయింది. కానీ దాని అంచులు నానిన రొట్టెలా ఊడిపోతున్నాయి. మధ్యలో వెలుగు లేదు. చేతులు లేవు. మూడు మరకలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డట్టుంది.

పాత మచ్చకి చేతులున్నాయి. నాలుగు వైపులా, సూటిగా, పొడుగ్గా. నడిమధ్య తెల్లగా కాలిపోయినంత వెలుగు. అది ఇనుము. ఏడాదిన్నరగా ఇదే పని చేస్తున్న మనిషికి అది పొరబడే సంగతి కాదు.

మరి తను చిన్న పడవ అని ఎలా నొక్కింది?

ఫోటోని జరిపింది. సెవెరో బాబాయ్ తెచ్చిన కాగితం మీద మచ్చ చుట్టూ కత్తిరించేశారు. ఇక్కడ పూర్తి ముక్క ఉంది. ఇనుప ఓడ చేతుల్లో ఒకదాని కింద, నీళ్ల గరుకులో కలిసిపోయినంత పలచగా, ఒక పాలమరక. వేలి గోరంత. ఓడ పక్కకి అంటుకుని ఉంది.

ఒక్క చెక్క పడవ. మూడు కాదు.

మిగతా ఇద్దరూ ఓడని చూశారు. పైతాలో పుట్టిన నెలిదా కన్ను ముందు పడవ మీద పడింది. పడవనే చూసి పడవ మీట నొక్కింది. ముగ్గురూ నిజమే చెప్పారు.

వెనక అర్రెసే లీమాతో ఫోన్లో ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. "అవును సార్, మా అమ్మాయే కనిపెట్టింది." నెలిదా రెండు ఫోటోలూ మూసేసింది.  కోపం ఎవరి మీదో ఇప్పుడామెకి స్పష్టంగా తెలుసు. అది ఇంకా మంట పెట్టింది.

* * *

సెవెరో ఇంటి ముందు నీడలో గాలాలు శుభ్రం చేస్తున్నాడు. పోతా పట్టే గాలానికి గుత్తులుగా ముళ్లుంటాయి. ఒక్కో ముల్లునీ తుప్పు గీకి నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. గుమ్మం దగ్గర సొరాయిదా పిన్ని ఉల్లిపాయలు తరుగుతోంది.

నెలిదా కూర్చోలేదు.

"ఫియెస్తాస్ అన్నదమ్ములు అక్కడ లేరు."

గుడ్డ ఆగింది. మళ్లీ కదిలింది.

"ఎవరన్నారు?"

"నిన్న వాళ్లకి తాడు కట్టడం చేతకాలేదు. ఇవాళ ఫోటో చెప్పింది. అక్కడ ఓడ ఉంది బాబాయ్. ఇనుప ఓడ. దాని పక్కన నువ్వొక్కడివే ఉన్నావు."

"మీ యంత్రం ఏమంది?"

"నీ మాటే నిజమంది! అదే నా ఖర్మ! తప్పు చెప్పిన రోజు నా మాట అందరూ విన్నారు!"  పక్కింటి కిటికీ తెరుచుకుంది. "మా సారు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. సెలవు పెట్టాను. రేవంతా నవ్వుతుంటే ఆకాశం వంక చెయ్యెత్తి నిలబడ్డాను. నన్ను ఎర్రి మొహాన్ని చేశావు."

"నేను చేశానా? యంత్రం తప్పని, చూపిస్తానని నువ్వే అన్నావు. నేను అడ్డం చెప్పలేదంతే."

"చెప్పెయ్యి" అంది సొరాయిదా, ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండా. "నీ కోసం తిరిగిన పిల్ల దగ్గర కూడా బిర్రబిగుసుకుంటావేం? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

సెవెరో గాలాన్ని కింద పెట్టాడు.

"బ్యాటరీ చచ్చింది" అన్నాడు. "ఇంజను లేదు, రేడియో లేదు. ఆ ఉపగ్రహ పెట్టె ఒక్కటే బతికుంది, దాని బ్యాటరీ దానికుంది కాబట్టి. మనల్ని కాపాడటానికి కాదు, కాపు కాయటానికి పెట్టింది కదా అది. నీళ్లు అయిపోయినయ్. నలుగురం. కొట్టుకుపోతా ఉన్నాం. అప్పుడా ఓడ వచ్చింది. ఏ దేశమో నాకు తెలీదు, ఆళ్ల మాట నాకు రాదు, నా మాట ఆళ్లకి రాదు. పైనుంచి రెండు బ్యాటరీలు తాడుకి కట్టి దింపారు. నాలుగు డబ్బాల నీళ్లు. కుర్రాడొకడు తన టోపీ తీసి మా వంటవాడికి విసిరాడు, ఎండకి మాడిపోతున్నాడని."

"మరి నువ్వేమిచ్చావు?"

"ఏమిస్తాను? నా దగ్గరున్నదేంటి? పోతా ఇచ్చాను. మూడు ట్రేలు. ఊరికే నీళ్లు తాగి పోతామా? మనుషులం కామా?" అతను ఆమె మొహంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. "చట్టంలో ట్రేలకి లెక్క లేదమ్మాయ్. ఒక్కటిచ్చినా ఇచ్చినట్టే. లాయరు చెప్పాడు. నిజం చెప్తే రెండేళ్లు. అబద్ధం చెప్తే ఏమో, తప్పించుకోవచ్చు."

"ఆ ఓడలే కదా మన పోతానంతా ఊడ్చుకుపోతున్నాయని అందరికంటే ముందు తిట్టేది నువ్వే?"

"తిడతాను. ఇప్పుడూ తిడతాను. ఊడ్చుకుపోయేవాడూ ఆడే, నీళ్లిచ్చినవాడూ ఆడే. నన్నేం చెయ్యమంటావు?"

 సొరాయిదా తరిగిన ఉల్లిపాయల్ని గిన్నెలోకి తోసి కళ్లు మోచేత్తో తుడుచుకుంది. "తిని వెళ్లవే" అంది. నెలిదా తినకుండానే వెళ్లిపోయింది.

* * *

విచారణ గది ఇరుగ్గా ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి కిందికి రావడం లేదు. విచారణాధికారి జలుబు చేసిన నడివయసు మనిషి. ముక్కు తుడుచుకుంటూ అర్రెసే పంపిన నివేదిక చదివింది. సెవెరో ఎదురుగా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బడిపిల్లవాడిలా కూర్చున్నాడు. ఇద్దరి ఇంటిపేర్లూ వేరు కావడంతో బంధుత్వం ఏమైనా ఉందా అని ఎవరూ అడగలేదు.

అడిగితే అన్నీ చెప్పేద్దామని ఒక నిమిషం, ఏదీ చెప్పొద్దని ఇంకో నిమిషం అనుకుంటూ వచ్చింది నెలిదా. రాత్రంతా ఆమెకి కనపడింది ఓడ కాదు, నడినెత్తిన ఎండలో విసిరిన టోపీ.

"సెన్యోరీతా చుంగా, ఈ ఫోటోని మొదట చూసిన ముగ్గురిలో మీరొకరు. అంతేనా?"

"అవును."

"అందులో మీరేం చూశారు?"

"చిన్న పడవని."

"ఆ జవాబు మార్చుకోవాలని మీకిప్పుడు ఏమైనా ఉందా?"

నెలిదా సెవెరో వైపు చూడలేదు.

"లేదు. చిన్న పడవ ఉంది."

అధికారి తుమ్మి, రాసుకుని, ముద్ర వేసింది. "రుజువు నిలబడలేదు. బయల్దేరే అనుమతి పునరుద్ధరించాం. ఇదే ఫోటో మీద ఇంకో విచారణ ఉండదు. తర్వాతి కేసు."

అంతే. వారమంతా రగిలిన మంట ఒక ముద్ర చప్పుడుతో ఆరిపోయింది. బయట వరండాలో సెవెరో ఏదో అనబోయాడు.  "ఐసు ఎక్కించాలి" అని మాత్రం అని గబగబా రేవు వైపు నడిచాడు.

ఆమె వెనకే వెళ్తుండగా ఫోన్ మోగింది. అర్రెసే.

"గెలిచావంట కదా! విన్నాను. ఇంకో మంచి కబురు విను. లీమావాళ్లు నీ మాట పట్టుకుని కొత్త నియమం పెడుతున్నారు. మన పడవ గీత ఉన్నచోట పెద్ద మచ్చ కనిపిస్తే ఇకమీదట దాన్ని కట్టేసిన చిన్న పడవలుగానే గుర్తిస్తాం. పాతవి కూడా అన్నీ మార్చేస్తాం. సోమవారం మొదలు. మనవాళ్ల మీద ఇక ఇలాంటి కేసులు రావు. పేరు కూడా పెట్టారు తెలుసా, పైతా నియమమని."

నెలిదా నడక ఆగిపోయింది. పక్కనుంచి ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది.

మనవాళ్ల పడవ పక్కకి ఏ ఓడ వచ్చినా ఇక అది ఓడ కాదు. హద్దు దాటి లోపలికొచ్చి, మనవాళ్ల గాలాల మధ్యనే పోతాని తోడుకుపోయే ఓడలు కూడా సోమవారం నుంచి కనపడవు. మన పడవల చాటునే వచ్చి పోతాయి. అలా చూడమని యంత్రానికి నేర్పింది ఆమే.

"సార్, నేను కాసేపాగి చేస్తాను" అని పెట్టేసింది.

రేవులో సాన్ హసింతో కడుపులోకి ఐసు పొడి జారుతోంది. నలుగురు మనుషులు దిమ్మెల్ని పొడిచేసే గొట్టంలోకి తోస్తున్నారు. డీజిలు, నీళ్ల డబ్బాలు, ఉల్లిపాయల బస్తా. హార్బరు గుమాస్తా వచ్చి అనుమతి కాగితం చూసి, ముద్ర చూసి, తల ఊపాడు. తెయోఫిలో తాడు విప్పి పడవలోకి విసిరాడు. ఇంజను దగ్గి, పట్టుకుంది. సెవెరో చుక్కాని దగ్గర నిలబడి ఒకసారి గట్టు వైపు చూశాడు. ఆమెనే చూశాడేమో, లేక రేవునంతా చూశాడేమో.

నెలిదా చేపల పెట్టె మీద కూర్చుంది. పడవ లంగరు వేసిన నౌకల మధ్యనుంచి దారి చేసుకుంది. అఖాతం నోరు దాటింది. కొంత దూరం తెల్లటి నురుగు గీత కనిపించింది, తర్వాత అదీ లేదు. అప్పుడు ఫోన్ తీసింది.

"సార్, ఆ నియమం ఆపండి. పాత ఫోటోలో ఉన్నది ఇనుప ఓడే."

అవతల అర్రెసే కుర్చీ జరిగిన చప్పుడైంది.

"విచారణలో చిన్న పడవ అన్నావు."

"నేనేం చూశానని అడిగారు. చెప్పాను. ఓడా ఉంది, దాని పక్కన పడవా ఉంది. నేను పడవని చూశాను."

"నెలిదా, నా బుర్ర తినకు. మొన్న సోమవారం నువ్వొక్కదానివే ఒకటన్నావు, అందరూ కాదన్నారు. ఇప్పుడు యంత్రం, లీమా, మత్స్యశాఖ అందరూ నీ మాటే నిజమంటుంటే నువ్వొక్కదానివే కాదంటున్నావు! లీమాకి ఏమని చెప్పను?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసేశామని చెప్పండి. కానీ ముందు నా పక్కన కూర్చుని ఆ రెండు ఫోటోలూ చూడండి. యంత్రాన్ని అడగొద్దు. మీరు చూడండి."

 కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"ఆ పడవ మీవాళ్లదేనా?"

"మా పిన్ని వాళ్లది."

"రేవులోనే ఉందా?"

నెలిదా అఖాతం నోటి వైపు చూసింది. ఎండకి నీళ్లు తళతళలాడుతున్నాయి. వాటి మీద ఏ మచ్చా లేదు.

"లేదు సార్. వెళ్లిపోయింది."

"అది వెళ్లేదాకా చూసుకునే ఫోన్ చేశావన్నమాట" అన్నాడు అర్రెసే. "సరే. సోమవారం కాదు, రేపే రా. ఎనిమిదింటికి. ఎవరూ రాకముందు."